పాత పుస్తకం, ఇవాళ్టి గొంతు

సభాధ్యక్షులకు, గ్రంథాలయ పాలకవర్గానికి, మాస్టారి కుటుంబసభ్యులకు, ఈ సాయంత్రం ఇక్కడికి వచ్చిన పాఠకులకు, శ్రోతలకు నమస్కారం. పాఠకులను, శ్రోతలను వేర్వేరుగా పేర్కొనడానికి కారణం ఉంది. ముందు వరసల్లో కూర్చున్న విద్యార్థుల్లో చాలామందికి పుస్తకం అంటే చెవికి అందేదే. మాస్టారు ఉద్యోగ విరమణ తరువాత మిగిలిన కాలమంతా చూపులేని పిల్లల కోసం పుస్తకాలు చదివి క్యాసెట్లు నింపడానికే వెచ్చించారు. అటువంటి వ్యక్తి పేరిట జరిగే ఉపన్యాసానికి నన్ను పిలవడం నాకు దక్కిన గౌరవం. దానికి తగిన విషయం ఏదని వెతికితే, ఆయన చేసిన పనిలోనే ఒక కష్టమైన ప్రశ్న కనిపించింది. తన కాలపు జాతి దురహంకారాన్ని మోసుకొచ్చిన పాత పుస్తకాన్ని ఇవాళ గొంతెత్తి చదవవలసి వచ్చినప్పుడు, చదివే మనిషి బాధ్యత ఏమిటి?

ఈ ప్రశ్న మునుపటికంటే ఇప్పుడు పెద్దదైంది. 2005లో హ్యూ మెక్‌గ్వైర్ లిబ్రివాక్స్ అనే స్వచ్ఛంద ప్రయత్నం మొదలుపెట్టాడు. కాపీరైటు తీరిన పుస్తకాలను ఇష్టమున్నవాళ్లు చదువుతారు, ఎవరైనా ఉచితంగా వింటారు. అక్కడ మొదట చదివినది జోసెఫ్ కాన్రాడ్ నవల 'ది సీక్రెట్ ఏజెంట్'. ఆ తరువాత వేలాది పుస్తకాలు వచ్చాయి. వ్యాపార సంస్థలూ అదే బాటలో పాత నవలలకు పేరున్న నటుల చేత గళం ఇప్పిస్తున్నాయి. ఇందులో ఒక చారిత్రక సంగతి దాగి ఉంది. అమెరికాలో 1920ల నాటి పుస్తకానికి అచ్చయిన తరువాత 95 ఏళ్లు నిండేదాకా హక్కులు నిలిచి ఉండవచ్చు. అందువల్ల ఇవాళ ఎవరి అనుమతీ అక్కర్లేకుండా చదవగలిగినవి ఎక్కువభాగం 19వ శతాబ్దానివి, 20వ శతాబ్దపు తొలి దశకాలవి. సామ్రాజ్యాలు నిండుగా వెలిగిన కాలం అదే. పుర్రెలు కొలిచి మనుషులకు మెట్లు కట్టి, దానికి శాస్త్రమని పేరు పెట్టిన కాలం కూడా అదే. ఉచితంగా దొరికే శ్రవణ సాహిత్యంలో పెద్దభాగం ఆ గాలి పీల్చి పెరిగినది. వినేవాళ్లు మాత్రం అన్ని దేశాలవాళ్లు, అన్ని రంగులవాళ్లు.

నేను చెప్పదలచుకున్నది ముందే చెబుతాను. రచయిత రాసిన పాఠాన్ని మనం దిద్దకూడదు. అయితే గొంతెత్తి చదవడం ఆ పాఠానికి నకలు తీయడం కాదు, అది ఇవాళ జరుగుతున్న కొత్త పని. ఆనాడు రాసినదానికి రచయిత జవాబుదారీ. ఆ మాటల్ని ఇవాళ ఏ గొంతుతో పలుకుతామో దానికి మనమే జవాబుదారీ. ఈ రెండు బాధ్యతలూ వేరని గుర్తించనంతకాలం వాదన పాఠాన్ని కత్తిరించాలనే వారికీ, ముట్టుకోవద్దనే వారికీ మధ్యే తిరుగుతుంది. అసలు పని జరిగే చోటు, అంటే మైకు ముందున్న మనిషి గొంతు, ఎవరి దృష్టికీ రాదు.

ఆ గొంతుకు ఒక చరిత్ర ఉంది. 1830 ప్రాంతంలో థామస్ రైస్ అనే తెల్లజాతి నటుడు ముఖానికి మసి పూసుకుని, చిరుగుల బట్టలు కట్టి, కుంటుతూ ఆడుతూ ఒక పాట పాడాడు. ఆ పాటలోని పాత్ర పేరు జిమ్ క్రో. 1843లో న్యూయార్కులో వర్జీనియా మిన్‌స్ట్రెల్స్ అనే నలుగురి బృందం ఇదే పద్ధతిలో పూర్తి ప్రదర్శన ఇచ్చింది. తరువాత కొన్ని దశాబ్దాలపాటు అమెరికాలో అత్యంత జనాదరణ పొందిన వినోదాల్లో ఈ మిన్‌స్ట్రెల్ ప్రదర్శన ఒకటి. తెల్లవాళ్లు నల్లవాళ్లుగా వేషం కట్టి, వాళ్ల నడకను, నవ్వును, అన్నిటికంటే ముఖ్యంగా మాటను వెక్కిరించేవారు. ఊళ్లకు ఊళ్లు ఒక్క నల్లజాతి మనిషితోనూ నిలబడి మాట్లాడకుండానే వాళ్ల మాట ఎలా ఉంటుందో తెలుసుననుకున్నాయి. అంతర్యుద్ధం తరువాత దక్షిణాది రాష్ట్రాల్లో మనుషుల్ని రంగును బట్టి విడదీసిన చట్టాలకు జనం పెట్టిన పేరు కూడా ఆ వేషగాడి పాత్ర పేరే. ఒక వెక్కిరింపు గొంతు ఎంత దూరం ప్రయాణించగలదో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

ఎడిసన్ 1877లో ఫోనోగ్రాఫు తయారుచేశాడు. మరుసటి ఏడు దాని ఉపయోగాలను వివరిస్తూ, చూపులేనివారికి మాట్లాడే పుస్తకాలు తయారుచేయవచ్చని రాశాడు. శ్రవణ పుస్తకం ఆలోచన ఆ యంత్రంతోపాటే పుట్టిందన్నమాట. అదే యంత్రం ముందు 1890లో నిలబడ్డ ఒక మనిషిని గురించి మీకు చెప్పాలి. జార్జి వాషింగ్టన్ జాన్సన్ బానిసత్వం సాగుతున్న వర్జీనియాలో పుట్టాడు. పెద్దయ్యాక న్యూయార్కులో పడవల రేవుల దగ్గర ఈలపాటలు పాడి బతికాడు. రికార్డుల వ్యాపారంలో తొలినాళ్లలో పేరు తెచ్చుకున్న నల్లజాతి గాయకుల్లో మొదటివాడు ఆయన. ఆయన చేత ముఖ్యంగా పాడించినవి రెండు పాటలు, రెండూ నల్లజాతివారిని గేలిచేసేవే. అప్పటికి పాట నమోదయ్యే ఒక సిలిండరు నుంచి మరో సిలిండరుకు నకలు తీసే సౌకర్యం సరిగా లేదు. గాయకుడి ముందు మూడు నాలుగు యంత్రాలు పెట్టి పాడిస్తే అన్నే సిలిండర్లు తయారయ్యేవి. మరికొన్ని కావాలంటే మళ్లీ మొదటినుంచి పాడాలి. జాన్సన్ ఆ పాటల్ని, వాటిలో నవ్వవలసిన నవ్వుతో సహా, వేలసార్లు పాడాడు. తన జాతి మీద హేళనను తన గొంతుతోనే, ప్రతిసారీ కొత్తగా, కొనేవాడి కోసం పలకవలసి వచ్చింది. శబ్దగ్రహణ చరిత్ర తొలి పుటల్లో ఉన్నది ఈ మనిషి. పాత పుస్తకంలో ఉన్నదే కదా చదువుతున్నాం, మాకేం సంబంధం అనేవారు ఆయనను ఒకసారి తలచుకోవాలి.

రేడియో వచ్చాక మసి అవసరం లేకపోయింది. 1928లో చికాగో నుంచి మొదలైన 'ఎమోస్ ఎన్ ఆండీ' ధారావాహికలో నల్లజాతి పాత్రలకు ఇద్దరు తెల్లవాళ్లు, ఫ్రీమన్ గాస్డెన్, చార్లెస్ కారెల్, గొంతులిచ్చారు. దేశమంతా విన్నది. 1931లో పిట్స్‌బర్గ్ కొరియర్ అనే నల్లజాతి పత్రిక దాన్ని ఆపమంటూ పది లక్షల సంతకాల కోసం ఉద్యమం నడిపింది. ఆ కార్యక్రమం ఆగలేదు.

ఇప్పుడు పుస్తకానికి వద్దాం. మార్క్ ట్వేన్ నవల 'అడ్వెంచర్స్ ఆఫ్ హకల్‌బెరీ ఫిన్' ఇంగ్లండులో 1884 డిసెంబరులోనూ, అమెరికాలో 1885 ఫిబ్రవరిలోనూ వెలువడింది. తండ్రి దెబ్బలు తప్పించుకుని పారిపోయిన పిల్లవాడు హక్, అమ్మేస్తారన్న భయంతో పారిపోయిన బానిస జిమ్, ఇద్దరూ తెప్ప మీద మిసిసిపీ నదిలో సాగిపోతారు. అదే ఏడు కాంకర్డ్ పట్టణ గ్రంథాలయం ఆ పుస్తకాన్ని తొలగించింది. కారణం జాతి దురహంకారం కాదు, భాష మొరటుగా ఉందని. నల్లజాతి పిల్లల మనసు గాయపడుతుందన్న ఆక్షేపణల మధ్య న్యూయార్కు నగర విద్యామండలి దాన్ని పాఠ్యపుస్తకాల జాబితా నుంచి పక్కన పెట్టినది 1957లో. ఆ రెంటి మధ్య 72 ఏళ్లు ఉన్నాయి. తరగతి గదిలో ఆ పిల్లలు కూడా కూర్చుంటారన్న స్పృహ వ్యవస్థకు రావడానికి అంతకాలం పట్టింది.

ఆ నవలలో నల్లజాతివారిని కించపరిచే తిట్టుమాట 200 సార్లకు పైగా వస్తుంది. ప్రతి వాదనా దాని దగ్గర మొదలై దాని దగ్గరే ఆగిపోతుంది. 2011లో అలబామాలోని న్యూసౌత్ అనే ప్రచురణసంస్థ ఆలన్ గ్రిబెన్ సంపాదకత్వంలో ఆ మాట తీసేసి, ప్రతిచోటా బానిస అని మార్చి అచ్చువేసింది. గ్రిబెన్ ట్వేన్ సాహిత్యంలో పండితుడు. బడుల్లో ఈ నవల మళ్లీ చదివించాలన్నదే ఆయన కోరిక, అందులో దురుద్దేశం లేదు. కానీ ఫలితం చూడండి. కథ చివరలో జిమ్‌ను యజమానురాలు రెండు నెలల కిందటే తన వీలునామాలో విడుదల చేసిందని తెలుస్తుంది. చట్టం విడిచిపెట్టిన మనిషిని సమాజం అదే తిట్టుతో పిలుస్తూనే ఉంటుంది. అంతర్యుద్ధం తరువాతి అమెరికా గురించి ట్వేన్ చూపిన నిజం అది. అక్కడ బానిస అన్న మాట పెడితే ఆ నిజమే కనిపించకుండా పోతుంది.

అచ్చులో ఇటువంటి మార్పు జరిగితే పాత ప్రతి ఎక్కడో ఒకచోట దొరుకుతుంది, పక్కన పెట్టుకుని పోల్చుకోవచ్చు. చెవితో మాత్రమే చదివేవారికి ఆ వీలు లేదు. అమెరికా కాంగ్రెసు గ్రంథాలయం చూపులేనివారికి గ్రామఫోను పుస్తకాలు పంపడం 1934లో మొదలైంది. ఇంగ్లండులో 1935లో మొదటి ప్రపంచయుద్ధంలో చూపు కోల్పోయిన సైనికుల కోసం ఈ పని ఆరంభమైంది. అప్పటినుంచీ చూపులేని పాఠకులు గట్టిగా అడుగుతున్నది ఒకటే: చూపున్నవాళ్లు చదివే పుస్తకమే మాకూ ఇవ్వండి, కుదించి, శుభ్రం చేసి ఇవ్వకండి అని. 2013లో కుదిరిన మరకేష్ ఒడంబడికకు ఆధారం ఈ హక్కే. దాన్ని 2014లో ప్రపంచంలో అందరికంటే ముందు ధ్రువీకరించిన దేశం మనది. చెవి పాఠకుడికి దిద్దిన ప్రతి ఇవ్వడమంటే, ఏది వినగలడో ఏది వినలేడో అతని తరఫున మనం నిర్ణయించడం. మాస్టారు ఇందుకు ఒప్పుకునేవారు కాదని నా విశ్వాసం. పాఠం పూర్తిగా ఉండాలని నేను అనడానికి మొదటి కారణం సాహిత్య గౌరవం కాదు, ఈ సమానత్వమే.

పాఠం పూర్తిగా ఉండాలన్నాక అసలు కష్టం మొదలవుతుంది. దాన్ని పలకాలి.

తొలి ముద్రణకు బొమ్మలు వేసినది ఎడ్వర్డ్ కెంబుల్ అనే యువ చిత్రకారుడు. ఆయన న్యూయార్కులో ఒక తెల్లజాతి కుర్రవాణ్ణి పిలిచి నిలబెట్టి, హక్‌కూ ఆ పిల్లవాణ్ణే, జిమ్‌కూ ఆ పిల్లవాణ్ణే నమూనాగా పెట్టుకుని గీశాడు. ఈ సంగతి తరువాత ఆయనే చెప్పుకున్నాడు. జిమ్ బొమ్మ గీయడానికి ఒక నల్లజాతి మనిషి ముఖం చూడవలసిన అవసరం ఆయనకు కనిపించలేదు. జిమ్ ఎలా ఉంటాడో ఆ కాలానికి ముందే తెలుసు, రంగస్థలం చెప్పేసింది. ఇవాళ ఆడియో పుస్తకంలో బొమ్మలుండవు. ఆ స్థానంలో చదివే మనిషి గొంతు ఉంటుంది. ఆ గొంతు జిమ్‌ను ఎవరిని చూసి తయారుచేస్తోంది?

నవలలో రెండు చోట్లు పక్కపక్కన పెట్టి చూడాలి. 14వ అధ్యాయంలో సొలొమన్ రాజు తీర్పు గురించి జిమ్, హక్ వాదించుకుంటారు. బిడ్డను రెండు ముక్కలు చేయమన్న రాజుకు తెలివెక్కడిదని జిమ్ అంటాడు. హాస్యపు కట్టు అంతా మిన్‌స్ట్రెల్ రంగస్థలానిదే. పుస్తకం అమెరికాలో బయటికి రాకముందే, 1884–85 చలికాలంలో, ట్వేన్ మరో రచయిత జార్జి కేబుల్‌తో కలిసి ఊరూరా తిరుగుతూ వేదికల మీద ఈ ఘట్టం చదివాడు. జనం నవ్వారు. అదే యాత్ర మధ్యలో, 1885 జనవరిలో, కేబుల్ నల్లజాతివారి పౌరహక్కుల కోసం వాదిస్తూ సెంచురీ పత్రికలో వ్యాసం ప్రచురించాడు. ఒకే బండిలో ప్రయాణిస్తున్న ఇద్దరి సంచుల్లో ఆ కాలపు రెండు వైపులూ ఉన్నాయి.

23వ అధ్యాయంలో అదే జిమ్ తెల్లవారుజామున తెప్ప మీద తల మోకాళ్ల మధ్య పెట్టుకుని ఏడుస్తుంటాడు. హక్ మాట కలిపితే చెబుతాడు. నాలుగేళ్ల కూతురు లిజబెత్‌కు స్కార్లెట్ జ్వరం వచ్చి తగ్గింది. ఒకరోజు ఆ పిల్లను తలుపు వెయ్యమన్నాడు. ఆమె కదలకుండా తనవైపు చూసి నవ్వుతూ నిలబడింది. మళ్లీ చెప్పాడు, గద్దించాడు, చివరికి చెంప మీద కొట్టాడు. తిరిగి వచ్చేసరికి పిల్ల ఇంకా తలుపు దగ్గరే నిలబడి తల వంచుకుని ఏడుస్తోంది. మళ్లీ కోపం వచ్చి ముందుకు కదిలాడు. అంతలో గాలి వీచి తలుపు ఆమె వెనకాలే ధడాలున మూసుకుంది. పిల్ల ఉలికిపడలేదు. జ్వరం ఆమె వినికిడిని తీసుకుపోయిందని తండ్రికి అప్పుడు అర్థమైంది.

ఇదంతా జిమ్ చెబుతున్నది అదే యాసలో, సొలొమన్ గురించి మాట్లాడిన యాసలోనే. పాత వేషగాడి ముసుగు వెనక నుంచి ఒక మనిషి గౌరవం బయటికి రావడం ఈ నవలలో కనిపిస్తుందని 1958లో రాల్ఫ్ ఎలిసన్ రాశాడు. ఎలిసన్ నల్లజాతి నవలాకారుడు, ట్వేన్‌ను ప్రేమించినవాడు, ఆ ముసుగును చూసి నొచ్చుకున్నవాడు కూడా. కళ్లతో చదివేవాడికి ఈ మార్పు తన మనసులోనే జరుగుతుంది. 14వ అధ్యాయంలో నవ్విన పాఠకుడు 23వ అధ్యాయంలో తన నవ్వును తలచుకుని సిగ్గుపడగలడు. ఆడియోలో ఆ అవకాశం చదివే మనిషి చేతిలో ఉంది. సొలొమన్ ఘట్టంలో శ్రోతను నవ్వించడం కోసం అతను కళ్లు తిప్పే గొంతు, సాగదీసిన పలుకు, వేషగాడి వగలు ఎంచుకుంటే, 23వ అధ్యాయంలో ఆ తండ్రి ఏడవడానికి గొంతే మిగలదు. ఒక నటుడి తెలివి గురించి కాదు నేనంటున్నది. జిమ్ ఒక తండ్రి అని మొదటి పుటనుంచే తెలిసిన మనిషి మాత్రమే జిమ్‌ను చదవాలి.

అయితే యాసను తీసేసి చదవాలా? అదీ కాదు. ఈ విషయంలో స్పష్టమైన దారి చూపినవాడు స్టెర్లింగ్ బ్రౌన్, కవి, హోవర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు. 1936–38 మధ్య అమెరికా ప్రభుత్వం ఒకప్పుడు బానిసలుగా బతికిన వృద్ధులు 2,300 మందికి పైగా చెప్పిన మాటలు రాయించింది. రాసుకున్నవారిలో ఎక్కువమంది దక్షిణాది తెల్లవాళ్లు. ప్రతి పదాన్నీ వంకర అక్షరక్రమంలో రాసి, ముసలివాళ్ల మాటను రంగస్థలపు మాటలాగా చేయసాగారు. బ్రౌన్ వారికి సూచనలు పంపాడు. మాట పొందికకు, పలుకుబడికి నిజంగా ఉండండి, ఉచ్చారణను అక్షరాల్లో బంధించే ప్రయత్నం దాని తరువాతే అన్నది వాటి సారాంశం. రాసేవారికి చెప్పిన ఈ సూత్రాన్ని ఇవాళ మైకు ముందు కూర్చునేవారు గోడ మీద రాసిపెట్టుకోవాలి. వాక్యం నడక, మాట కూర్పు, ఊపిరి ఆగే చోటు, వీటిలో మనిషి ఉంటాడు. ముక్కుతో పలికే వెక్కిరింపులో ఉండేది వెక్కిరించేవాడే.

ఇందులో ఒక చిత్రమైన సంగతి కూడా ఉంది, దీనిపై ఎవరూ తగినంత దృష్టి పెట్టలేదని నా అభిప్రాయం. జార్జియా రాష్ట్రంలోని ఈటన్‌టన్‌కు చెందిన జోయెల్ చాండ్లర్ హారిస్ 1880లో అంకుల్ రీమస్ కథల తొలి సంపుటి ప్రచురించాడు. కుందేలు, నక్క పాత్రలతో బానిసలు తమలో తాము చెప్పుకున్న గొప్ప కథలవి. అదే ఊళ్లో పుట్టి పెరిగిన ఆలిస్ వాకర్ ఒక శతాబ్దం తరువాత, తన వారసత్వాన్ని అతను దొంగిలించాడని రాసింది. ఆ కథల అచ్చు ప్రతిలో అక్షరక్రమం భయంకరంగా వంకర్లు తిరుగుతుంది. కానీ ఆ వంకర స్పెల్లింగుల్లో కొన్నింటిని పైకి చదివి చూడండి, చదువుకున్న తెల్లజాతి మనిషి మామూలుగా పలికేది కూడా అచ్చం అలాగే ఉంటుంది. తేడా చెవికి లేదు, కంటికే ఉంది. చెప్పేవాడు చదువురానివాడని చూపడానికి కాగితం మీద పెట్టిన గుర్తు అది. బుద్ధిగా చదివే గొంతు ఆ గుర్తును చెరిపేస్తుంది, ఒక్క అక్షరం మార్చకుండానే. గొంతు గాయాన్ని పెంచగలదు అన్నాను. అచ్చు చేసిన అన్యాయాన్ని కొంత సరిదిద్దగలది కూడా అదే.

జిమ్ గొంతు ఎలా ఉండాలో వెతకడానికి నటులు రంగస్థలం దాకా వెళ్లనక్కర్లేదు. 1949లో బాల్టిమోర్‌లో ఫౌంటెన్ హ్యూజ్ అనే వృద్ధుడి మాటలు రికార్డు చేశారు. తన వయసు 101 అని చెప్పాడు. తన తాత థామస్ జెఫర్సన్‌కు చెందినవాడని చెప్పాడు. ఆ రికార్డు కాంగ్రెసు గ్రంథాలయంలో ఉంది, ఎవరైనా వినవచ్చు. మొదట ఆయన మాట్లాడేది బానిసత్వం గురించి కాదు. డబ్బు చేతికి రాకుండా అప్పు మీద ఏదీ కొనవద్దని కుర్రకారుకు బుద్ధి చెబుతాడు. ఏ ఊళ్లోనైనా అరుగు మీద కూర్చున్న పెద్దాయన చెప్పే మాటే. తరువాత అంతే నిదానంగా, మళ్లీ బానిసగా బతకాలన్న ఊహ వస్తే తుపాకీతో తన ప్రాణం తానే తీసుకుంటానంటాడు. ఆ గొంతులో ఎక్కడా వగలు లేవు. వందేళ్లపాటు రంగస్థలాలు, రేడియోలు వినిపించిన దానిలో ఈ గొంతు ఒక్కసారి కూడా లేదు.

ఇక ముందుమాట గురించి. అచ్చు పుస్తకానికి అట్ట ఉంటుంది, ముద్రణ సంవత్సరం ఉంటుంది, కాగితం వాసనే ఇది పాతదని చెబుతుంది. ఆడియోకు ఇవేవీ ఉండవు. వంటింట్లో పనిచేస్తూ ఒకరు వింటుంటే పక్కన హోంవర్కు చేసుకుంటున్న పిల్ల చెవిన పడుతుంది. కారులో మధ్యలో పెడితే నూటనలభై ఏళ్ల నాటి మాట నిన్నటి మాటలా వినిపిస్తుంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో మన పిల్లలు ఈ నవలను బడికోసం ఇలాగే వింటున్నారు, తమ పక్క బల్ల మీద కూర్చునే నల్లజాతి స్నేహితులతో కలిసి. అందుకే ముందుమాట గొంతుతోనే రావాలి. అది క్షమాపణగా ఉండనక్కర్లేదు. ఎవరినీ రక్షించని రెండు వాక్యాల హెచ్చరిక అంతకంటే నిష్ప్రయోజనం. ఎవరు రాశారు, ఎప్పుడు, ఎవరు చదువుతారనుకుని రాశారు, ఎవరిని మనసులో పెట్టుకోలేదు, ఈ పుస్తకంతో ఎవరు ఎందుకు పోట్లాడారు, ఇవి చెప్పాలి. మన ఊళ్ల పురాణ కాలక్షేపంలో ఒకరు పద్యం చదివితే మరొకరు అర్థం చెప్పేవారు. వినేవారికి పాఠాన్ని వ్యాఖ్యానం లేకుండా వదిలిపెట్టడం మన సంప్రదాయంలో లేదు. ఆ పద్ధతి నవలకు అక్షరాలా సరిపోదు, అధ్యాయం మధ్యలో ఆపి వివరిస్తే కథ చెడుతుంది. కానీ మొదట్లో, కష్టమైన ఘట్టాలు దాటాక చివరలో, ఒక మనిషి గొంతు శ్రోతకు తోడుండాలి.

పాత పుస్తకానికి అన్నిటికంటే మంచి వ్యాఖ్యానం మరో పుస్తకమే కావచ్చు. 2024లో పెర్సివల్ ఎవరెట్ 'జేమ్స్' అనే నవల రాశాడు. అదే కథను జిమ్ చెబుతాడు. అందులో ఆ యాస ఒక ముసుగు. తెల్లవాళ్లు వింటున్నప్పుడు ఎలా మాట్లాడాలో జేమ్స్ పిల్లలకు పాఠం చెబుతాడు, వాళ్లు లేనప్పుడు మామూలుగా మాట్లాడుకుంటారు. ఆ నవలకు మరుసటి ఏడు పులిట్జర్ బహుమతి వచ్చింది. దాని ఆడియోలో డొమినిక్ హాఫ్‌మన్ ఒకే గొంతులో ఈ రెండు మాటల మధ్య మారుతుంటే, మిన్‌స్ట్రెల్ చరిత్ర అంతా తలకిందులవుతుంది. ట్వేన్ విన్నాక దీన్ని వినమని నా సలహా. ఒకటి తీసేసి మరొకటి పెట్టడం పరిష్కారం కాదు.

పుస్తకాలను యంత్రాల చేత చదివించే ఏర్పాట్లూ వచ్చాయి. 2023లో ఆపిల్ సంస్థ కృత్రిమ గళాల పుస్తకాలను ప్రవేశపెట్టింది. పాఠ్యపుస్తకాల కొరతతో బాధపడే చూపులేని విద్యార్థికి యంత్రం మేలే, కాదనను. కానీ లిజబెత్ తలుపు దగ్గర నిలబడ్డ పుటను, ఆ తిట్టుమాట ఉన్న పుటను ఒకే తీరుగా చదివే గొంతుకు జవాబుదారీ ఎవరూ ఉండరు. ఇటువంటి పుస్తకాల వరకైనా మనిషే చదవాలి.

ఇంతవరకు దూరదేశపు సంగతి చెప్పాను. దగ్గరిది ఒకటి ఉంది, అది ఈ గ్రంథాలయం ముందున్నదే. ఆంధ్రదేశానికి సంబంధించిన పాత ఇంగ్లీషు గ్రంథాలను పరిశోధక విద్యార్థుల కోసం ఆడియోగా మార్చబోతున్నామని కార్యదర్శిగారు చెప్పారు. ఆ జాబితాలో ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయం ద్వారా వెలువరించిన 'కాస్ట్స్ అండ్ ట్రైబ్స్ ఆఫ్ సదరన్ ఇండియా' ఏడు సంపుటాలు ఉన్నాయి. థర్‌స్టన్ మద్రాసు మ్యూజియానికి సూపరింటెండెంటు. కొలకర్రలు, కాలిపర్లు పట్టుకుని ఊరూరా తిరిగి మనవాళ్ల తలలు, ముక్కులు కొలిచాడు. ముక్కు వెడల్పును బట్టి జాతిని, కులాన్ని నిర్ణయించవచ్చని ఆ కాలపు శాస్త్రం నమ్మింది. ఆచారాలు, పాటలు, వృత్తుల గురించి ఆయన సేకరించిన సమాచారం లేకుండా ఇవాళ సామాజిక చరిత్ర రాయడం కష్టం. ఆ సమాచారం పక్కనే కొలతల పట్టికలున్నాయి, ఫలానావారు పుట్టుకతో నేరస్థులన్న తీర్పులున్నాయి.

ఎరుకలవారి గురించిన పుటలు అటువంటివి. గంపలల్లి, ఎరుక చెప్పి, ఉప్పు ధాన్యం మోసుకుతిరిగి బతికినవారిని ఆ కాలపు పోలీసు రచనల ఆధారంగా దొంగల జాతిగా వర్ణించారు. 1871 నాటి నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాజధానికి వచ్చింది. 1913లో బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్‌మెంటు ఏర్పడింది, దాన్ని సాల్వేషన్ ఆర్మీ నడిపింది. వేలిముద్రలు, హాజరు పట్టీలు, ఊరు దాటడానికి అనుమతి చీటీలు, ఒక తరం పిల్లలు ఇలా పెరిగారు. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో దేశమంతటా ఆ చట్టం రద్దయింది. ఊరి పేరు చెబితే ఇప్పటికీ ఎదుటివాళ్ల చూపు మారడం రద్దు కాలేదు. దీని వెనకనున్న వలస పాలన లెక్కలను మీనా రాధాకృష్ణ 'డిసానర్డ్ బై హిస్టరీ' అన్న గ్రంథంలో వివరంగా రాశారు.

ఆ పుటలను ఎవరో ఒకరు చదవాలి. చదవడం మానేస్తే, చూపులేని ఎరుకల విద్యార్థికి తన పూర్వీకుల గురించి రాజ్యం ఏం రాసిందో తెలుసుకునే హక్కు ఉండదు. దిద్ది చదివితే ఆ రాజ్యానికి మంచిపేరు మిగులుతుంది. అధికారి దర్పంతో చదివితే థర్‌స్టన్ మళ్లీ మాట్లాడినట్టే. సమాచారాన్ని సమాచారంగా, తీర్పును తీర్పుగా వినిపించే నిదానమైన గొంతు కావాలి. కార్యవర్గానికి నా విన్నపం ఇది. ఆ అధ్యాయం రికార్డు చేయడానికి ముందు స్టూవర్టుపురం నుంచి చదువుకున్న యువతీయువకులను ఇక్కడికి పిలవండి. పాఠం వాళ్లకు ఇవ్వండి. ముందుమాట వాళ్లే రాసి, వాళ్లే చదవాలి. ప్రధాన పాఠం ఎవరు చదవాలో కూడా వాళ్లనే అడగండి. తామే చదువుతామంటే మైకు వాళ్లకివ్వండి, మేము చదవం, మీరే చదవండి అంటే ఆ మాటకూ విలువివ్వండి. కొలతల పట్టికలు వచ్చినప్పుడు ఆ లెక్కల శాస్త్రం తరువాత తప్పని తేలిందని ఒక్క వాక్యం చెప్పించండి. రెండు గదులు, ఒక మైకు, కొన్ని నెలల ఓపిక ఉంటే ఈ పని జరుగుతుంది. మాస్టారి క్యాసెట్లు భద్రపరిచిన గదిలోనే దీన్ని మొదలుపెట్టవచ్చు.